రాళ్లను చదవడం ఎలా?

కోటలన్నా, పెద్ద పెద్ద చర్చిలన్నా మనకు ముందుగా గుర్తొచ్చేవి రాజుల పేర్లూ, యుద్ధాల తేదీలూను. బళ్లో అలాగే బట్టీ పట్టించారు మరి! పరీక్ష కాగానే మరిచిపోయాం. కాని ఆ కట్టడాలను తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. పదింటిని పైపైన చూసే కంటె ఒక్కదాన్ని పట్టుకుని మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఇక్కడ అంతకుముందు ఎవరున్నారు? ఇది ఎలా నిలబడింది? దీన్ని ఎవరు కాపాడారు?

ఉదాహరణకు ఇంగ్లండులో లింకన్ అనే ఊరు తీసుకుందాం. అక్కడ గుట్ట మీద కోటా, కెథీడ్రలూ ఎదురెదురుగా ఉంటాయి. కెథీడ్రల్ అంటే బిషప్పుగారి పీఠం ఉండే చర్చి.

ముందు కోట సంగతి. ఫ్రాన్సులోని నార్మండీ నుంచి విలియం వచ్చి 1066లో ఇంగ్లండును జయించాడు. 1068లో లింకన్‌లో కోట మొదలుపెట్టించాడు. 1086లో ఆయనే దేశంలోని భూముల లెక్కలు రాయించాడు. డూమ్స్‌డే బుక్ అంటారు దాన్ని. మన కరణాల దస్తరం లాంటిదనుకోండి. కోట మూలంగా 166 ఇళ్లు పాడుపడ్డాయని అందులో ఉంది. ఆ ఇళ్లవాళ్లు ఎటు పోయారో మాత్రం లేదు. 166 ఇళ్లలో పొయ్యి ఆరిపోయిందన్నమాట. ఎంతసేపు కోటగోడ చూస్తూ నిలబడ్డా ఈ సంగతి తెలియదు. లెక్కల పుస్తకం తిరగేస్తేనే తెలుస్తుంది.

ఇక కెథీడ్రల్. మొదటి కట్టడానికి 1092లో ప్రతిష్ఠ జరిగింది. 1185లో భూకంపం వచ్చి చాలా భాగం దెబ్బతింది. 1192లో హ్యూ అనే బిషప్పు మళ్లీ కట్టించడం మొదలుపెట్టాడు. ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోవాలంటే కమానులు చూడాలి. మిగిలిన పాత పడమటి భాగంలో గుండ్రటి కమానులు కనిపిస్తాయి. తరువాత కట్టినచోట మొన తేలిన కమానులుంటాయి. గుండ్రటి కమాను ఎత్తు దాని వెడల్పులో సగమే. మొన తేలినదైతే ఎత్తు మన ఇష్టం. పైగా బరువు పక్కలకు తన్నడం తగ్గి, ఎక్కువగా కిందికి దిగుతుంది. బయటినుంచి ఊతగోడలు కూడా పెడితే గోడల్లో పెద్ద పెద్ద కిటికీలు తెరవొచ్చు. ఆ రంగుటద్దాల వెలుగంతా ఈ ఉపాయం వల్ల వచ్చిందే.

అలాగని అన్నీ సవ్యంగా జరగలేదు లెండి. 1230ల చివరలో మధ్య గోపురం కూలింది. మళ్లీ కట్టి, ఇంకా ఎత్తు పెంచి, పైన కొయ్యతో శిఖరం నిలిపారు. అప్పట్లో ప్రపంచంలో అంత ఎత్తైన కట్టడం లేదంటారు. 1548లో అదీ పడిపోయింది. మళ్లీ ఎవరూ కట్టలేదు.

మూడో ప్రశ్నకు జవాబు మన ఆడవాళ్లంతా వినాల్సింది. ఆ కోటను కాపాడింది ఒక స్త్రీ. పేరు నికోలా ద లా హే. తండ్రికి మగపిల్లలు లేకపోవడంతో కోట అధికారం ఆవిడకు సంక్రమించింది. 1191లో భర్త ఊళ్లో లేనప్పుడు రాజమంత్రి సైన్యం కోటను ముట్టడించింది. ఆవిడ లొంగలేదు. వాళ్లే ముట్టడి ఎత్తేసి పోయారు. ఆ సంగతి రాసిన సన్యాసి ఆవిడను మెచ్చుకున్నాడు, మగవాడిలా పోరాడిందని! ఇంతకంటె మెప్పు ఆయనకు తోచలేదు కాబోలు.

1216లో జాన్ రాజు వస్తే ఆవిడ కోట తాళాలు పట్టుకుని ఎదురెళ్లి, ముసలిదాన్నయ్యాను, ఈ భారం ఇక మోయలేనంది. రాజు తాళాలు ఆవిడ దగ్గరే ఉంచమన్నాడు. చనిపోయే ముందు ఆ జిల్లాకే ఆవిడను షెరీఫ్‌గా నియమించాడు. ఆ తాళాల కథ మనదాకా ఎలా వచ్చిందో తెలుసా? 1274–75లో రాజోద్యోగులు విచారణ జరిపితే, ఊరివాళ్లు చెప్పారు.

1217లో ఫ్రెంచి రాకుమారుడి సైన్యం ఊరిని పట్టుకుని కోటను చుట్టుముట్టింది. అరవై దాటిన వయసులో ఆవిడ నిలిచింది. మే 20న రాజు పక్షం సైన్యం వచ్చి ఫ్రెంచివారిని ఓడించింది. కోట దక్కింది. ఊరు మాత్రం దక్కలేదు. గెలిచినవాళ్లే ఇళ్లూ, కెథీడ్రలూ దోచుకున్నారు. పిల్లల్ని తీసుకుని పడవల్లో పారిపోతూ ఎందరో ఆడవాళ్లు నదిలో మునిగిపోయారని ఆనాటి చరిత్రకారుడు రాశాడు. నాలుగు రోజులకే షెరీఫ్ పదవి రాజబంధువైన ఒక ప్రభువుకిచ్చేశారు. కోట కూడా ఆయనే లాక్కున్నాడు. ఆవిడ ఊరుకోలేదు. రాజసభకు వెళ్లి తాను చేసిన సేవ గుర్తుచేసింది. అదే ఏడాది కోట తిరిగి ఆవిడ చేతికొచ్చింది. 1230లో కన్నుమూసింది.

రాజుల జాబితా మాత్రమే చదివితే నికోలా కనిపించదు. ఆ 166 ఇళ్లూ కనిపించవు, పడవల్లో పోయిన తల్లులూ కనిపించరు. అందుకే గోడ చూడాలి, లెక్కలు చూడాలి, సాక్ష్యాలు కూడా చూడాలి. ఒక పక్షంవారు మెచ్చుకున్నచోట రెండో పక్షంవారు ఏం రాశారో అదీ చదవాలి. నికోలాను ఫ్రెంచి పక్షంవారు తిట్టారు కూడాను.

మీ పిల్లలెవరైనా ఇంగ్లండులో ఉండి మీరు చూడ్డానికి వెళ్తే, లింకన్‌లో ఒక పూట కాక రెండు రోజులుండండి. చిన్న నోటుపుస్తకం దగ్గరుంచుకుని కమానుల బొమ్మలు గీసుకోండి. వెళ్లలేనివారు లైబ్రరీలో కెథీడ్రల్ నేలపటం వెతికి, ఏ భాగం ఏ కాలానిదో రంగులు వేసి చూడండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే వాళ్లకూ చరిత్ర మీద సరదా పుడుతుంది.