1993 ఏప్రిల్: మన జిల్లాకు ఒకే నెలలో వచ్చిన రెండు హక్కులు



ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అనే లెక్కలు ఉంటాయి. మనం ఆ లెక్కలు పైసాతో సహా చూస్తాం. తేడా వస్తే లీడరును నిలబెట్టి అడుగుతాం. ఊరికి ఇంకో లెక్క కూడా ఉంది. మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడు కడిగారు, సైడు కాలవలో పూడిక ఎప్పుడు తీశారు, జ్వరాలు వచ్చినప్పుడు పంచాయతీ ఏం చేసింది, బెల్టుషాపు సంగతి ఏమైంది అనేదే ఆ లెక్క. అది చెప్పాల్సింది మనం ఓటేసి గెలిపించుకున్న సర్పంచ్, వార్డు మెంబర్లు. అడగాల్సింది మనం.

ఈ అడిగే హక్కు ఊరికే రాలేదు. 1993 ఏప్రిల్ నెలలో తొమ్మిది రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. ఒకటి మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్నది. రెండోది రాజ్యాంగం ఇచ్చింది. ఆ రెండింటి కథే ఈ వ్యాసం.

అంతకు ముందు ఊరి ఆరోగ్యం ఎవరి చేతిలో ఉండేది

మన కోవూరు పెన్నకు ఉత్తరపు గట్టున ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. ప్రజారోగ్యానికి ప్రత్యేకంగా చట్టం చేసుకోవడంలో దేశంలో మద్రాసే ముందు. ఆ చట్టం 1939లో వచ్చింది. నీళ్లు, మురుగు, అంటురోగాల సంగతి చూడాల్సిన బాధ్యత స్థానిక సంస్థలదని అందులో రాశారు. కాగితం మీద అది మంచి చట్టమే. అయితే ఆ పని అధికారులకూ ఊరి పెద్దలకూ మధ్యనే ఉండిపోయింది. బావి దగ్గర నీళ్లు తోడేది ఆడమనిషి, వాంతులు భేదులు వచ్చిన బిడ్డ పక్కన రాత్రంతా కూర్చునేదీ ఆడమనిషే. పంచాయతీ అరుగు మీద మాత్రం ఆమెకు చోటు లేదు.

జనం కోసం వైద్యం చేసిన వాళ్లు మన ప్రాంతంలో లేకపోలేదు. అప్పటి కోవూరు తాలూకా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. పల్లెల నుంచి వచ్చే పేదలకు అది పెద్ద అండగా ఉండేది. కానీ ఎంత మంచి డాక్టరైనా రోగం వచ్చాకే చూడగలడు. రోగం రాకుండా, ఇంట్లో దెబ్బలు పడకుండా చూడటం ఊరు చేయాల్సిన పని.

ఇంటింటికీ వచ్చిన సారా ప్యాకెట్టు

1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ అందేటట్టు చేసింది. ఆ పథకానికి వారుణి వాహిని అని పేరు పెట్టారు. ఏటా సారా పాటలు జరిగేవి. పాటలో గెలిచిన కాంట్రాక్టరు ఊళ్లలో కొట్లు పెట్టించేవాడు. ప్యాకెట్టు చిన్నది, జేబులో పడుతుంది, పొలం గట్టు దాకా పోతుంది. మంచినీళ్లు రాని ఊరికి కూడా సారా మాత్రం వేళకు వచ్చేదని అప్పట్లో ఆడవాళ్లు అన్నారంటే అందులో ఎకసెక్కం ఒక్కటే లేదు, కడుపుమంట ఉంది.

కూలి డబ్బులు కొట్టు దగ్గరే అయిపోయేవి. ఇంటికి వచ్చేది తూలుతున్న మనిషి. ఆ పూట పొయ్యి వెలగదు. అడిగితే దెబ్బలు. లివరు చెడి మగమనిషి మంచాన పడితే అప్పు చేసి ఆస్పత్రికి తిప్పేది మళ్లీ ఆ ఇల్లాలే. ఇది ఆరోగ్య సమస్య అని గానీ, భద్రత సమస్య అని గానీ ఆ రోజుల్లో ఎవరూ అనలేదు. ఇంటి గొడవ అన్నారు. ప్రభుత్వం దాన్ని ఆదాయం అంది.

రాత్రి బడి నేర్పిన పాఠం

ఆ సమయంలో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. దానికి అక్షరదీపం అని పేరు. పగలంతా పనికి పోయే ఆడవాళ్లు రాత్రి పూట లాంతరు చుట్టూ చేరి పలకలు పట్టుకున్నారు. అక్షరాలు నేర్చుకున్నారు, దాంతోపాటు ఒకరి కష్టం ఒకరికి చెప్పుకోవడం కూడా అక్కడే మొదలైంది. నా ఇంట్లోనే అనుకున్నది ప్రతి ఇంట్లోనూ ఉందని తెలిసింది. తాగి వచ్చి బడిని చెడగొట్టే వాళ్లతో గొడవలు అయ్యాయి. మాటల్లో మాటగా అసలు కారణం సారా కొట్టేనని తేలింది.

మన జిల్లా మెట్ట ప్రాంతంలో, కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్లు కలిసికట్టుగా పోయి ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను తర్వాత రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మ అనే పిలిచింది. ఈ సంగతిని రాత్రి బడి వాచకంలో పాఠంగా పెట్టారు. ఆ పాఠం పేరు 'ఆడవాళ్లు ఏకమైతే'. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న ఆడవాళ్లు తమ జిల్లాలోనే, తమలాంటి వాళ్లు చేసిన పనిని చదివారు. వాళ్లు చేసినప్పుడు మనం ఎందుకు చేయలేం అనే మాట ఊరి నుంచి ఊరికి పాకింది.

1992లో జిల్లా అంతా కదిలింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఊరి పొలిమేరల్లో కాపలా కాశారు. సారా తెచ్చే బండ్లను ఆపారు, ప్యాకెట్లు తగలబెట్టారు. పాటలు జరిగితే కదా కొట్లు వచ్చేది అని పాటల మీదే పడ్డారు. నెల్లూరులో సారా వేలం మళ్లీమళ్లీ వాయిదా పడింది. మెట్ట, డెల్టా అని తేడా లేదు, కులం తేడా లేదు. పార్టీలు, సంఘాలు తర్వాత వచ్చి కలిశాయి. మొదట నడిచింది మాత్రం కూలికి పోయే ఆడవాళ్లే.

ఏప్రిల్ 15, ఏప్రిల్ 24

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా నిషేధం అమలైంది. అప్పుడు కోట్ల విజయభాస్కరరెడ్డి గారు ముఖ్యమంత్రి. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. మన జిల్లా ముందు నడిచింది, రాష్ట్రం వెనక వచ్చింది.

ఆ మొదటి తేదీ తర్వాత సరిగ్గా తొమ్మిది రోజులకు, 1993 ఏప్రిల్ 24న, 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. గ్రామసభకు, పంచాయతీకి రాజ్యాంగంలో చోటు దొరికింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల జాబితా చేర్చారు. అందులో మంచినీళ్లు ఉన్నాయి, ఆరోగ్యం, పారిశుధ్యం ఉన్నాయి, మహిళా శిశు సంక్షేమం ఉంది. సీట్లలో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లకు కేటాయించాలన్నారు. దానికి తగ్గట్టు 1994లో మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 1995లో ఎన్నికలు జరిగాయి. 2011లో ఆ వాటాను సగానికి పెంచారు.

ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది ఆడవాళ్లు వీధిలో నిలబడి సాధించుకున్నది. రెండోది ఆడవాళ్లకు కుర్చీ వేసింది. వీధిలో ఉన్న బలం కుర్చీలోకి రావాల. కుర్చీలో ఉన్న మనిషి వీధికి జవాబు చెప్పాల. రెండిట్లో ఒకటే ఉంటే పని సగంలో ఆగిపోతుంది.

ఆ మాటకు రుజువు మన కళ్లముందే ఉంది. 1994 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు గారు సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. చంద్రబాబునాయుడు గారి ప్రభుత్వం 1997లో దాన్ని సడలించింది. సారా మీద నిషేధం ఉండిపోయింది, మిగతా మద్యం తిరిగి వచ్చింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా మద్యం విధానమూ మారుతూ వచ్చింది. కొట్లు తిరిగి తెరిచే నాటికి 1992లో పొలిమేర కాసిన గుంపులు చెదిరిపోయి ఉన్నాయి. గెలిచిన దాన్ని కాపాడుకోవాలంటే రోజూ కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు ఒకటి కావాల.

రోజుకు రూపాయి

అటువంటి ఏర్పాటు ఒకటి పొదుపు రూపంలో మిగిలింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో ఆగింది. ఆగిన డబ్బును ఏం చేయాలని ఆలోచించి రోజుకు రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. మన జిల్లాలో దానికి పొదుపులక్ష్మి అని పేరు వచ్చింది. రోజుకు రూపాయంటే నెలకు 30 రూపాయలు. పదిమంది కలిస్తే ఏడాదికి 3,600. ఈ రోజు అది చిన్న మొత్తం. అప్పట్లో బిడ్డకు జ్వరం వస్తే వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా కాపాడిన డబ్బు అదే.

1992లోనే నాబార్డు బ్యాంకులతో సంఘాలను కలిపే పని దేశంలో 500 సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టింది. అంతకు ముందు నుంచే డ్వాక్రా ఉంది. 2000లో వెలుగు వచ్చింది, తర్వాత ఇందిరా క్రాంతి పథం, 2011లో స్త్రీనిధి. సంఘం, గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య అనే మెట్లు అట్లా ఏర్పడ్డాయి. డబ్బు పని బాగా సాగింది. అయితే కంతులు, తీర్మానాలు, ఆన్‌లైన్ ఎంట్రీల మధ్య సంఘం ఎందుకు పుట్టిందో మరుగున పడే ప్రమాదం ఉంది. రాత్రి బడిలో మొదటి మాట డబ్బు గురించి రాలేదు. దెబ్బలు తినకుండా, ఆకలి లేకుండా బతకడం గురించి వచ్చింది.

కష్టకాలంలో తేలిన సంగతి

2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు నెల్లూరులోనే బయటపడింది. తర్వాతి నెలలో మనిషికి మూడు మాస్కులు ఇవ్వాలని ప్రభుత్వం అనుకున్నప్పుడు, కుట్టే పని డ్వాక్రా సంఘాలకే వచ్చింది. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జ్వరాల వివరాలు రాసుకున్నారు. ఆ పనిలో ముందు నిలబడ్డది ఎక్కువగా ఆడవాళ్లే.

2021 నవంబర్‌లో పెన్న పొంగింది. 19వ తేదీన ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదిలారు. మన మండలంలోని పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి కోతకు గురైంది. నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి.

వరద తగ్గాక అసలు పని మొదలవుతుంది. బావిలో, ట్యాంకులో మురుగు కలిస్తే వాంతులు, భేదులు, కామెర్లు, టైఫాయిడ్ వస్తాయి. వెయ్యి లీటర్ల నీళ్లకు మంచి బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు కలిపి అరగంట ఆగాలని ప్రజారోగ్య శాఖ వాళ్లు చెప్తారు. అంటే 60,000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. నీళ్లు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ కావాల. పౌడరు గాలి తగిలి పాతబడితే పని చేయదు. డెంగీ దోమ నిలవ నీళ్లలో గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అని వారానికోసారి తొట్లు, డ్రమ్ములు ఖాళీ చేయమంటారు. ఇవి తెలిసిన ఆడమనిషి గ్రామసభలో లేచి అడిగితే, చేశామండీ అని ఒక్క మాటతో ఎవరూ తప్పించుకోలేరు.

గ్రామసభలో అడగాల్సిన లెక్క

చట్టం ప్రకారం ఏడాదికి రెండుసార్లకు తగ్గకుండా గ్రామసభ జరగాల. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యురాలే. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ఊరికొక ఆరోగ్య, పారిశుధ్య కమిటీ పెట్టాలన్నారు. సర్పంచో, మహిళా వార్డు మెంబరో అధ్యక్షతన ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచరు, సంఘం మనుషులు అందులో కూర్చోవాల. ఏడాదికి 10,000 రూపాయల దాకా ఊరి అవసరానికి వాడుకునే నిధి ఆ కమిటీకి ఉంటుందని నియమం పెట్టారు.

కాబట్టి ఈసారి గ్రామసభకు పోయినప్పుడు ఈ ప్రశ్నలు పట్టుకుని పోదాం:

ట్యాంకు ఆఖరిసారి ఏ తేదీన కడిగారు? క్లోరిన్ పరీక్ష ఎవరు చేస్తున్నారు?
ఆరోగ్య కమిటీలో ఎవరెవరున్నారు? ఎప్పుడు కూర్చున్నారు? డబ్బు వచ్చిందా, దేనికి ఖర్చయింది?
వరద వస్తే ముసలివాళ్లను, గర్భిణులను ఏ బడికి చేర్చాలి? తాళం ఎవరి దగ్గర ఉంటుంది?
ఊళ్లో బెల్టుషాపు ఉందా? ఉంటే పంచాయతీ ఏం తీర్మానం చేసింది?

సర్పంచ్ ఆడమనిషైతే ఆమె కుర్చీలో ఆమే కూర్చునేటట్టు, ఆమే జవాబు చెప్పేటట్టు చూడాల్సింది కూడా మనమే. భర్తో కొడుకో లేచి మాట్లాడితే, అమ్మా మీరు చెప్పండి అని మర్యాదగా అడుగుదాం. తెలియని చోట మనం పక్కన నిలబడదాం. ఆమె కూడా మన సంఘాల్లోనుంచి వచ్చిన మనిషే కావచ్చు.

దూబగుంట రోశమ్మ గారు 2016లో కన్నుమూశారు. ఆ నాటి ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. కొందరు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఆ సంగతులు అడిగి మినిట్స్ పుస్తకంలో రాసి పెట్టుకుందాం. రేపు మన ఆడబిడ్డలు చదువుకోవడానికి అవి ఉండాల.