కంప్యూటరు మేల్కొనని వేళ

మీట నొక్కితిమి. దీపము వెలిగినది, లోపలి పంకా తిరిగినది, తెర మాత్రము నల్లగానే నిలిచినది. ఇట్టి సమయమున గృహస్థునకు యంత్రము ఖరీదు తరువాత జ్ఞప్తికి వచ్చును. అందులో దాచిన పెండ్లి ఛాయాచిత్రములు ఏమైనవి, అమ్మాయి వ్రాసుకొన్న పరిశోధన వ్యాసము ఏమైనది, దుకాణపు లెక్కలు ఏమైనవి అను బెంగ మొదట పట్టుకొనును. యంత్రము లేవకపోవుట ఒకటి, అందులోని వ్రాతలు నశించుట మరియొకటి. ఈ రెండును ఒకటే యని భ్రమించి, తొందరపడి, చెక్కుచెదరక ఉన్న వ్రాతలను తామే తుడిచివేసుకొన్నవారు తక్కువమంది కారని మా అభిప్రాయము. ఈ రెండింటి భేదము ఎట్లు తెలిసివచ్చినదో, దానివెనుక చరిత్ర యేమో నేటి ప్రసంగమున కొంత మనవిచేయుదుము.

కంప్యూటరునకు తనంత తానుగా ఏమియు రాదు. విద్యుత్తు ఆగినంతనే దాని పనిజ్ఞాపకము శూన్యమగును. మరల విద్యుత్తు వచ్చినపుడు, డిస్కులోని ఆజ్ఞలను చదువుమని చెప్పుటకు ముందుగా మరికొన్ని ఆజ్ఞలు కావలెను. వానిని ఎవరు చదివిపెట్టవలెను? ఇది మన విత్తు ముందా, చెట్టు ముందా అను తగవు వంటిదే. ఆంగ్లభాషలో దీనికి బూట్‌స్ట్రాప్ అని పేరు పెట్టిరి. తన బూట్ల పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకి ఎత్తుకొనుట యని దాని భావము. నేడు మన యిండ్లలో పిల్లలు సైతము పలుకు ‘బూట్’ అను మాట అందుండి పుట్టినదే.

1952లో ప్రకటింపబడిన ఐ.బి.ఎం. 701 యంత్రమునకు ‘లోడ్’ అను బొత్తామొకటి ఉండెను. దానిని నొక్కగా కార్డునుండియో, టేపునుండియో, డ్రమ్మునుండియో 36 బిట్ల పదము ఒక్కటి మాత్రము లోనికి వచ్చును. ఆ పదములోని ఆజ్ఞలు తమ వెనుకవారిని పిలుచుకొని రావలెను. 1975లో ఆల్టెయిర్ 8800 కొన్న ఔత్సాహికులకు ఆ బొత్తామైనను లేదు. ముందు పలకమీది చిన్న మీటలను పైకి క్రిందికి వేయుచు, ఒక్కొక్క ఆజ్ఞను చేతితో ఎక్కించుకొనవలసి వచ్చెను. విద్యుత్తు ఒక్క క్షణము పోయెనా, ఆ శ్రమయంతయు మొదటికి!

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ తొలి ఆజ్ఞలు బయాస్ అను పేర ఒక చిప్పులో స్థిరముగా ఉండెను. అవి ముందు జ్ఞాపకమును, కీలఫలకమును పరీక్షించి, సర్వము బాగున్నచో ఒక కూత కూసి, అటుపిమ్మట డిస్కులోని మొదటి గదిని చదివెడివి. ఆ గది కొలత 512 బైట్లు. నేటి యూనికోడు వ్రాతలో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి సాధారణముగా మూడేసి బైట్లు పట్టును గనుక, ఆ గదిలో ఒక కందపద్యము ఇముడును గాని సీసము ఇమడదు. ఇంత చిన్న గది చెడిన చాలును, వెనుక నున్న కోట్లకొలది అక్షరములు క్షేమముగా ఉన్నను యంత్రము మేల్కొనదు.

ఇక వ్రాతలు పోవు సంగతి. పీటర్ నార్టన్ అను అమెరికను 1982లో వెలువరించిన నార్టన్ యుటిలిటీస్ అను ఉపకరణములలో ‘అన్‌ఇరేజ్’ అనునది ఒకటి. చెరిపివేసిన ఫైలును తిరిగి తెచ్చుట దాని పని. ఆ కాలమున చూచినవారికి ఇది గారడీవలె తోచెను గాని, అందు గారడీ ఏమియు లేదు. డాస్ పద్ధతిలో ఫైలును చెరిపినపుడు యంత్రము విషయసూచికలోని పేరులో మొదటి అక్షరమును తీసి ఆ తావున ఒక గుర్తు వేయును. ఆ ఫైలు ఏయే గదులలో నున్నదో తెలుపు పట్టికలో ఆ గదులు ఖాళీ యని వ్రాసికొనును. లోపలి విషయమును తాకనైన తాకదు. అందుచేతనే అన్‌ఇరేజ్ తన పని మొదలుపెట్టుటకు ముందు, పోయిన ఫైలు పేరులో మొదటి అక్షరమేమని యజమానిని అడిగెడిది! అయితే ఆ ఖాళీ గదులలో క్రొత్తవ్రాత పడినచో పాతది నిజముగానే పోవును. చెరిపిన పిమ్మట డిస్కుమీద మరేమియు వ్రాయరాదు అను నియమమునకు మూలమిదియే.

మొదటి గది అంత కీలకమైనదని దుష్టబుద్ధులకును త్వరలోనే తెలిసెను. 1986లో లాహోరునందు ఇద్దరు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అను వైరస్ ఫ్లాపీలోని మొదటి గదిలో తాను కూర్చుండి, అసలు కాపురస్థుని వేరొక గదికి తరలించెను. తమ పేర్లు, చిరునామా, టెలిఫోను సంఖ్య కూడ అందులో వ్రాసిపెట్టిరి గనుక వారిని నిజమైన దుష్టుల కోవలో చేర్చుటకు మాకు మనసొప్పదు. ఆ తరువాతివారికి ఈ మర్యాద లేదు.

1999 ఏప్రిల్ 26వ తేదీ ఈ చరిత్రలో చెడ్డదినము. తైవాను విద్యార్థి చెన్ ఇంగ్-హౌ 1998లో వ్రాసిన సి.ఐ.హెచ్. అను వైరస్ విండోస్ 95, 98 ఫైళ్ళలో చడిచప్పుడు లేక దాగియుండి ఆనాడు లేచెను. అది చేసిన పనులు రెండు. డిస్కులోని మొదటి ఒక మెగాబైటును సున్నలతో నింపెను. కొన్ని యంత్రములలో బయాస్ చిప్పులోని ఆజ్ఞలనే తుడిచివేసెను. దక్షిణ కొరియా, టర్కీ దేశములలో నష్టము అధికము. 1986లో చెర్నోబిల్ అణుకేంద్రము ప్రేలినదియు ఏప్రిల్ 26ననే కావుటచే దానికి చెర్నోబిల్ వైరస్ అనియు పేరు వచ్చినది.

బయాస్ పోయిన యంత్రమునకు డిస్కు మార్చినను ఫలము లేదు. చిప్పునే మార్చవలెను, లేదా అందు ఆజ్ఞలను తిరిగి ఎక్కింపవలెను. అప్పుడు కొందరు మరమ్మతుదారులు చేసిన సాహసము చెప్పుకొనదగినది. అదే జాతి యంత్రమును మరియొకదానిని మేల్కొలిపి, అది నడచుచుండగనే దాని బయాస్ చిప్పును మెల్లగా ఊడదీసి, చెడిన చిప్పును ఆ తావున గ్రుచ్చి, ఆజ్ఞలను దానిలోనికి ఎక్కించెడివారు. యంత్రము ఒకమారు మేల్కొన్న తరువాత ఆ చిప్పుతో దానికి పెద్దగా పని యుండదను కిటుకు వారికి తెలియును. చేయి వణికినచో రెండవ యంత్రమును పోయెడిది.

డిస్కు సంగతి ఇంకను విచిత్రము. ఏ ఫైలు ఏ గదులలో నున్నదో తెలుపు పట్టికకు రెండు ప్రతులు ఉండును. సుమారు ఒక గిగాబైటు మించిన ఎఫ్.ఏ.టి. 32 డిస్కులలో మొదటి ప్రతి పెద్దదగుటచే రెండవ ప్రతి ఆ తుడిచిన మెగాబైటునకు ఆవల పడును. దానిని చూచి మొదటిదానిని తిరిగి వ్రాయవచ్చును. స్టీవ్ గిబ్సన్ వ్రాసి ఉచితముగా ఇచ్చిన ‘ఫిక్స్-సి.ఐ.హెచ్.’ ఈ పని చేసెను. తొందరపడి డిస్కును ఫార్మాటు చేయింపక ఓపికపట్టినవారిలో కొందరికి వారి సర్వస్వమును తిరిగి దక్కినది. చిన్న డిస్కులవారికి ఆ అదృష్టము లేకపోయినది.

2000లో క్లాస్ నాపర్ అను జర్మను నాపిక్స్ అను లినక్సును వెలువరించెను. అది సి.డి.నుండియే నడచును. యంత్రము తన డిస్కుతో లేవకున్నను, పరాయి డిస్కుతో లేపి, లోపలి ఫైళ్ళను బయటకు తీసికొనవచ్చునని సామాన్యులకు అలవాటు చేసినవానిలో అది ముఖ్యమైనది. నేడు సి.డి.కి బదులు పెన్ డ్రైవు చాలును. ముందు ఫైళ్ళు తీసికొని ఆ పిమ్మటనే యంత్రమును బాగుచేయించుట మంచి వరుస. అయితే క్రొత్త ఎస్.ఎస్.డి.లలో చెరిపిన గదులను ట్రిమ్ అను పద్ధతిచే యంత్రమే త్వరలో నిజముగా ఖాళీ చేయించుచున్నది గనుక, అన్‌ఇరేజ్ నాటి ఆశలు వానియందు పెట్టుకొనరాదు.

ఈ విద్యకు పరాకాష్ఠ యనదగినది 2003 ఫిబ్రవరి 1న నేలకూలిన కొలంబియా నౌకలోని డిస్కు. కల్పనా చావ్లాతోపాటు ఏడుగురిని బలిగొన్న ఆ ప్రమాదము తరువాత కొన్ని నెలలకు, టెక్సాసులో ఎండిన చెరువు గర్భమున కాలి కరిగిన ముద్దవలె అది దొరికినది. లోనికి దుమ్ము చేరినది. పలకలు మాత్రము వంగలేదు. గాయపడిన భాగమున వ్రాత లేదు. క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థ నిపుణులు ఆ పలకలను రసాయనముతో కడిగి, వేరొక డ్రైవులో కూర్చి, సుమారు 99 శాతము తిరిగి చదివిరి. జీనాన్ వాయువు చిక్కదనమును గూర్చి అంతరిక్షమున చేసిన ఆ ప్రయోగ ఫలితములు 2008లో ఫిజికల్ రివ్యూ ఇ పత్రికలో వెలువడినవి. పోతన భాగవతమున శిథిలమైన భాగములను గంగన, సింగన, నారయ పూరించిరని ప్రతీతి. అది కవులకు చెల్లినది. డిస్కు వైద్యునికి ఒక్క అక్షరమైనను పూరించు హక్కు లేదు, ఉన్నదానిని ఉన్నట్లు తీయవలసినదే.

2024 జూలై 19న ఫైళ్ళన్నియు క్షేమముగా ఉండగా యంత్రములే లేవకపోయిన వింత జరిగినది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన రక్షక సాఫ్టువేరునకు పంపిన తప్పు సవరణచే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు కుప్పకూలెనని మైక్రోసాఫ్టు అంచనా వేసినది. మందు చిన్నది. సేఫ్ మోడులో లేపి, ఆ సంస్థ ఫైలును ఒకదానిని చెరిపివేయుటయే. కాని బిట్‌లాకర్ తాళము వేసిన యంత్రములకు 48 అంకెల సంఖ్యను ముందు కొట్టవలెను. అనేకచోట్ల ఒక్కొక్క యంత్రము చెంతకు మనిషి నడచి వెళ్ళవలెను. కొన్ని సంస్థలలో ఆ సంఖ్యలను దాచిన యంత్రములును అదే నిద్రలో ఉండెను. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమునందు కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి.