చీటీ డబ్బుతో మొదలైన పాప్ పాట

మేముండే డెట్రాయిట్‌లో ఓ చిన్న ఇల్లుంది. మోటౌన్ పాటలు పుట్టింది అక్కడే.

అప్పట్లో అమెరికాలో నల్లవాళ్ల పాటలకి జాబితా వేరు. పాప్ జాబితాలో ఎక్కువగా తెల్లవాళ్లే. 1959లో బెర్రీ గోర్డీ, ఇంటిల్లిపాదీ దాచుకున్న డబ్బులోంచి 800 డాలర్లు అప్పు తీసుకుని కంపెనీ పెట్టాడు. మన చీటీలాంటిదే అనుకోండి! అక్క ఎస్తర్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు కదా, పాటనీ అలాగే చేయించాడు. రాసేది ఒకరు, వాయించేది ఒకరు, పాడేది ఇంకొకరు.

1961లో మార్వెలెట్స్ అనే నల్ల అమ్మాయిల పాట పాప్ జాబితాలో మొదటి స్థానానికెళ్లింది. 1964 నుంచి సుప్రీమ్స్‌వి వరసగా అయిదు పాటలు!

1985లో ఆ ఇంటిని మ్యూజియం చేసింది ఎవరనుకున్నారు? అప్పివ్వడానికి వెనకాడిన ఆ ఎస్తరక్కే. పాత ఫొటోలూ, కాగితాలూ పారేయకుండా దాచింది ఆవిడే మరి.