ఏప్రిల్‌లో గిరాకీ పడిపోయిందా? దుకాణం లెక్కలు చదవడం ఎలా

ఒక బట్టల దుకాణంలో 2024 ఏప్రిల్ అమ్మకాలను, 2025 ఏప్రిల్ అమ్మకాలను పక్కపక్కన పెడితే వ్యాపారం బాగా దెబ్బతిన్నట్టు కనిపించవచ్చు. ఆ కంగారులో రేట్లు తగ్గించినా, పనివాడిని మాన్పించినా నష్టమే. అసలు సంగతి క్యాలెండర్‌లో ఉంది. మన దేశంలో ఎక్కువ చోట్ల 2024లో ఈదుల్ ఫితర్ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. పండుగ ముందు పది రోజుల గిరాకీ మొదటి ఏడాది ఏప్రిల్‌లో, రెండో ఏడాది మార్చిలో పడింది.

హిజ్రీ సంవత్సరం చిన్నది కాబట్టి రంజాన్ ఏటా 10-11 రోజులు ముందే వస్తుంది. అందుకే షాబాన్ సగం నుంచి చాంద్ రాత్ వరకు ఒక సీజన్‌గా తీసుకుని, రంజాన్‌ను రంజాన్‌తోనే పోల్చాలి. కంప్యూటర్ ఇచ్చే నెలవారీ రిపోర్టుకు ఇది తెలియదు. తేదీలు మనమే ఇచ్చి లెక్క తీయాలి.

బిల్లులు, ఫోన్‌పే మెసేజీలు, ఉద్దరి పుస్తకం అన్నీ ముడిసరుకే. ఏం తేల్చుకోవాలో ముందు అనుకుంటేనే అవి అక్కరకొస్తాయి. ‘ఈసారి ఏ సరుకు ఎక్కువ తేవాలి?’ అన్న ప్రశ్ననే చూద్దాం. చెప్పుల దుకాణంలో రెండు రకాలు ఉన్నాయనుకోండి. మొదటిది జత 260కి కొని 300కి అమ్ముతారు, లాభం 40. రెండోది 500కి కొని 700కి అమ్ముతారు, లాభం 200. చూడగానే రెండోదే మేలనిపిస్తుంది. కానీ మొదటి రకం 100 జతలు నెలలో అయిపోతాయి, రెండో రకం 30 జతలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. పెట్టుబడిని బట్టి లెక్కేస్తే వెయ్యి రూపాయలకు నెలకు మొదటిది సుమారు 154, రెండోది 133 తెస్తాయి. సరుకు వచ్చిన తేదీ, అయిపోయిన తేదీ రాయని దుకాణంలో ఈ తేడా ఎప్పటికీ బయటపడదు.

యూపీఐలో వచ్చిన డబ్బంతా ఆ రోజు అమ్మకం అనుకోకూడదు. అందులో పాత బాకీ ఉంటుంది, ఇంటివాళ్లు పంపింది కూడా ఉంటుంది. ఉద్దరి ఇచ్చిన రోజే అమ్మకం రాసి, డబ్బు వచ్చాక మళ్లీ రాస్తే ఒకే సరుకు రెండుసార్లు అమ్మినట్టవుతుంది.

ఉద్దరిలో మొత్తం ఎంత అన్నదానికన్నా ఎన్నాళ్లది అన్నదే ముఖ్యం. 30 రోజుల లోపువి, 90 రోజుల లోపువి, అంతకు మించినవి వేరు చేస్తే పండుగ సరుకుకు ఎంత చేతికొస్తుందో, ఎవరికి ఇక అరువు ఆపాలో తెలుస్తుంది. అప్పు రాసిపెట్టుకోమన్న ఆదేశం సూరా బఖరా 282వ ఆయతులో ఉంది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు అదే!

ఈ పట్టికే జకాత్‌కూ పనికొస్తుంది. అమ్మకానికి ఉన్న సరుకు నేటి విలువ, చేతిలో డబ్బు, వస్తుందన్న నమ్మకమున్న బాకీలు కూడి, కట్టాల్సిన అప్పులు తీసేసి, నిసాబ్ దాటితే 2.5 శాతం ఇవ్వాలి. దుకాణం అద్దాలు, బీరువాలు, త్రాసు ఇందులోకి రావు. మొండి బాకీలు, దీర్ఘకాలిక అప్పుల విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి తేదీలతో ఉన్న ఆ పట్టికనే మౌలానా ముందు పెట్టి అడగడం మంచిది.