బీరువా దాటని నివేదిక

మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలో, పుస్తకాల షాపుల్లో పోటీ పరీక్షల మెటీరియల్‌కు కొదవలేదు. హైదరాబాద్ సంస్థానం మీద భారత సైన్యం జరిపిన ‘ఆపరేషన్ పోలో’ గురించి బిట్లు అందులో మామూలే: 1948 సెప్టెంబర్ 13న మొదలు, 17న నిజాం కాల్పుల విరమణ, సేనాధిపతి జె.ఎన్. చౌధురి. పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. ఆ వెంటనే ఊళ్లలో ఏం జరిగిందో చెప్పే కాగితం పేరు అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. అది పండిత్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక.

దాని కథ నిజాం కొమ్ముకాసిన సాయుధ దళం రజాకార్ల దగ్గర మొదలవుతుంది. 1948 ఆగస్టులో వాళ్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను హైదరాబాద్‌లో నరికి చంపారు. అదే నెల 27న భైరాన్‌పల్లిలో ఊరివాళ్లను వరసపెట్టి కాల్చారు. ఆ గాయాన్ని తక్కువచేసి మాట్లాడితే తర్వాతి కథ అర్థం కాదు. కానీ సైన్యం వచ్చాక ఆ పగంతా రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం రైతుల మీద, నేతగాళ్ల మీద, ఆడవాళ్ల మీద, పసిపిల్లల మీద పడింది.

ప్రపంచం చూస్తూనే ఉంది. భారత్ తమను బెదిరిస్తోందని నిజాం ప్రభుత్వం ఆగస్టులోనే భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. అది పారిస్‌లో సెప్టెంబర్ 16న చర్చకొచ్చింది. మర్నాడే లొంగుబాటు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని నిజాం తంతి కొట్టాడు. 1949 మే దాకా ఆ అంశం అడపాదడపా చర్చకొచ్చింది గానీ, తీర్మానమంటూ ఏదీ కాలేదు. వాదన ప్రధానంగా హైదరాబాద్ హోదా ఏమిటి, ఫిర్యాదు చేసే హక్కు దానికి ఉందా అన్న వాటి చుట్టూనే తిరిగింది.

అదే పారిస్‌లో 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి జాతి నిర్మూలన నేరాన్ని నివారించే ఒప్పందాన్ని ఆమోదించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే సుందర్‌లాల్, ‘పయాం’ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ నిజాం జిల్లాల్లో తిరుగుతున్నారు. నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా 16 జిల్లాల్లో 9 చూశారు. తేల్చిన లెక్క: తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల ప్రాణాలు. చాలాచోట్ల శవాలతో నిండిన బావులు చూపించారు. ఒక దాంట్లో 11 మందిని లెక్కపెట్టారు. అందులో ఒక తల్లి, ఆమె రొమ్మును కరుచుకున్న బిడ్డ.

కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు కూడా లూటీల్లో, హత్యల్లో పాలుపంచుకున్నారని నివేదిక దాచకుండా రాసింది. హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న సంగతీ రాసింది. ఒకే మగ్గం పనిచేసిన చేతులు అవి. ఆ పేజీ ప్రతి బడి పిల్లాడూ చదవాల్సింది.

హైదరాబాద్‌లో జరిగింది జాతి నిర్మూలన నిర్వచనంలోకి వస్తుందా అన్నది చరిత్రకారులు వాదించుకోవచ్చు. చనిపోయినవాళ్లను లెక్కపెట్టడానికి ఆ వాదన తేలేదాకా ఆగనక్కర్లేదు.

కేంద్రం మాత్రం లెక్కే బయటపడనివ్వలేదు. తమను ప్రభుత్వమే పంపిందని కమిటీ రాసుకుంటే, సర్దార్ పటేల్ ఆ మాటే ఒప్పుకోలేదు. నివేదిక బీరువాకెక్కింది. ఉమర్ ఖాలిదీ 1988లో తెచ్చిన సంకలనంలో కొన్ని భాగాలు వెలుగు చూశాయి. పూర్తి పాఠం జనం చేతికి రావడానికి 2013లో ఎ.జి. నూరానీ పుస్తకం దాకా ఆగాల్సివచ్చింది. సెప్టెంబర్ 17 విమోచనమా, విలీనమా, సమైక్యతా అని పార్టీలు తగువులాడుకుంటాయి. 2024లో దానికి ప్రజాపాలన దినమన్న పేరూ వచ్చింది. ఆ తగువులో బావుల ఊసు వినపడదు.

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని ముక్కలు చేశారు. ఎక్కువ చావులు జరిగాయని కమిటీ చెప్పిన ఉస్మానాబాద్, నాందేడ్ ఇప్పుడు మహారాష్ట్రలో, గుల్బర్గా, బీదర్ కర్ణాటకలో ఉన్నాయి. నష్టపోయిన జిల్లాల్లో నల్గొండ, మెదక్ తెలంగాణకు మిగిలాయి. మూడు రాష్ట్రాల్లోనూ పోయినవాళ్ల పేర్లు ఊరూరా రాసిపెట్టాలి. అప్పుడు పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. అడిగితే వాళ్లనే అడగాలి.