జాలునేలల డ్రోసిరా

హైదరాబాదునకు ఉత్తరమున, నాగపూరు బాటమీది మేడ్చలునకును కరీంనగరు బాటమీది శామీర్‌పేటకును నడుమ పరచుకొన్న సీమ యంతయు పరుపుబండలు, ఎఱ్ఱని చలకలు, మొరపదిబ్బలు, వాని పల్లములందు పూర్వులు కట్టలు పోసి నీరు నిలిపిన చెరువులు, కుంటలు. చెరువు చరిత్ర యనగానే కట్ట, తూము, అలుగు, ఆయకట్టు మనకు స్ఫురించును. చెరువంచున, బండవాలున వానకాలమంతయు నీరూరుచుండు జాలునేల మాత్రము స్ఫురింపదు. పైరుకు పనికిరాని ఆ పలుచని మట్టియే తెలంగాణ మైదానములందు డ్రోసిరా యను కీటకాహారి మొక్కకు ఆటపట్టు.

ప్రపంచమున రెండువందలకు పైబడిన డ్రోసిరా జాతులలో అధికభాగము ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలవి. భారతదేశమున ప్రసిద్ధములైనవి మూడు. వానిలో పెల్టేటా కొండసీమలది, ఇండికా, బర్మన్నై మన మైదానములందును కలవు. ఇండికా సన్నని పొడవాటి ఆకులతో నిలువుగా పెరిగి గులాబివన్నె పూలు పూయును. బర్మన్నై రూపాయి నాణెమంత చక్రముగా నేలకంటుకొని, తెల్లని పూలకాడను పైకెత్తును. వంగి చూచినచో ఆకుపై నిలిచిన ఎఱ్ఱని కేసరముల కొనలందు స్వచ్ఛమైన జిగురు బిందువులు మెఱయుచుండును. దోమవంటి చిన్న పురుగు వ్రాలి తగుల్కొన్నంతనే బర్మన్నై అంచుకేసరములు క్షణములలో లోనికి ముడుచుకొనును. పిమ్మట ఆకు స్రవించు రసములో పురుగు జీర్ణమై, డొల్ల మాత్రము మిగులును.

బర్మన్నై పేరునకు మూలమైన యోహానెస్ బర్మన్ 1737లో సింహళద్వీపపు మొక్కలను వర్ణించి గ్రంథము వెలువరించెను. 1753లో లిన్నేయస్ ఇండికాకు నామకరణము చేయగా, 1794లో వాల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు రెండవదానిని బర్మన్ పేరనే పిలిచెను. నత్రజని కొఱవడిన నేలలలో ఈ మొక్క పురుగులనుండి దానిని గ్రహించునని లోకమునకు నచ్చజెప్పినది 1875 నాటి డార్విన్ గ్రంథము. 1915 నుండి గాంబుల్ ప్రకటించిన వృక్షజాల గ్రంథము మద్రాసు రాజధానికి పరిమితమగుటచే నిజాం రాజ్యపు మొక్కలు దాని పరిధికి వెలుపలనే యుండిపోయెను; తెలంగాణమును కలుపుకొని పుల్లయ్య, చెన్నయ్యల ఆంధ్రప్రదేశ్ వృక్షజాలము తొలి సంపుటము వెలువడుట 1997 నాటి మాట.

ఆ తరువాతి కాలమున ఈ సీమ రూపురేఖలే మాఱినవి. శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీ వెలసెను. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ సీమ మీదుగా సాగెను. మొరపదిబ్బలు చదునై ప్లాట్లైనవి. నేల నిస్సారమగుటయే డ్రోసిరాకు రక్ష: ఎరువు కలిసిన నీరు పాఱినచో గడ్డి బలిసి, ఎండ తగులనీయక ఈ చిన్నిమొక్కను అణచివేయును. కావున చెరువు నీటిని కాపాడిన మాత్రమున చాలదు. చెరువు శిఖము హద్దులు నిర్ణయించు అధికారులును, ఊరి పెద్దలును, వృక్షశాస్త్ర విద్యార్థులును వానలు వెనుకబట్టిన దినములలో జాలునేలలను స్వయముగా తిరిగి చూచి, వానిని పటములందు గుర్తించి, మట్టి పోయకుండ కాపాడవలెనని నా విన్నపము.