గీతల మధ్య బంతి

తొక్కుడుబిళ్ల ఆడినవాళ్లకు తెలుసు, ఆటంతా గీతల్లోనే ఉంటుందని. అమెరికాలో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కూడా అలాగే నేలమీద రెండు గీతలతో కుదురుకుంది. అవి చెరిగిపోవడానికి డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నెయిస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు పీచ్ పళ్ల బుట్టలు రెండు ఎత్తున కట్టించి ఈ ఆట కనిపెట్టారు. ఆ దగ్గర్లోనే, నార్తాంప్టన్‌లోని స్మిత్ మహిళా కాలేజీలో మరుసటి నెలే వ్యాయామ ఉపాధ్యాయురాలిగా చేరారు సెండా బెరెన్సన్. లిథువేనియాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చిన మనిషి. ఒంట్లో సత్తువ లేక పియానో చదువు ఆపేసి, ఆరోగ్యం కోసమని కసరత్తు బడిలో చేరి, చివరికి అదే వృత్తిగా చేసుకున్నారు.

కొత్త ఆట గురించి చదివి, తన విద్యార్థినుల చేత ఆడించి చూశారు. 1893 మార్చి 22న మొదటి ఏడాది, రెండో ఏడాది అమ్మాయిలకు పోటీ పెట్టారు. చూడ్డానికి మగవాళ్లకు ప్రవేశం లేదు. ఆట మొదలుపెడుతూ బెరెన్సన్ బంతిని పైకి ఎగరేయగానే, ఆవిడ చేయి తగిలి ఒకమ్మాయి భుజం కీలు తప్పింది. కీలు సర్దారు, ఆమె చోటులో ఇంకొకరు దిగారు, ఆట సాగింది. రెండో ఏడాది వాళ్లు 5–4తో గెలిచారు.

అమ్మాయిలు అంత పరుగు పెడితే ఆరోగ్యం చెడుతుందని, తోపులాటల్లో పడితే మర్యాద పోతుందని భయపడే రోజులవి. అందుకే బెరెన్సన్ కోర్టును మూడు భాగాలు చేశారు. ఎవరి భాగంలో వాళ్లే ఆడాలి. ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి లాక్కోకూడదు. మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు. నేలకు కొట్టడం మూడుసార్లే. దీనివల్ల ఒక్క ఘనాపాటి మొత్తం ఆటను లాక్కుపోకుండా, బంతి అందరి చేతుల్లోంచీ నడుస్తుందని ఆవిడ ఉద్దేశం. 1901లో ఈ నియమాలు ఆవిడ సంపాదకత్వంలో పుస్తకంగా వచ్చాయి.

ఈలోగా ఆట దేశం అవతలి ఒడ్డుకు చేరింది. 1896 ఏప్రిల్ 4న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టును 2–1తో ఓడించారు. రెండు కాలేజీల ఆడపిల్లలు తలపడిన తొలి పోటీగా దాన్నే చెబుతారు.

గీతలు గీసినా భయం మాత్రం పోలేదు. మిసిసిపీలోని డెల్టా స్టేట్ కాలేజీలో 1930ల తొలినాళ్లలో, ఆడపిల్లలకు ఈ ఆట శ్రమ ఎక్కువంటూ జట్టునే రద్దు చేశారు. మార్గరెట్ వేడ్, ఆమె తోటి క్రీడాకారిణులు ఏడ్చి, తమ ఆట దుస్తులను తగలబెట్టారు.

1938లో మూడు భాగాలు రెండయ్యాయి. 1971కి గానీ ఐదుగురేసి కోర్టంతా పరుగెత్తే ఆట కాలేజీ అమ్మాయిలకు అధికారికంగా దక్కలేదు. మరుసటి ఏడే చదువుల్లో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదనే టైటిల్ నైన్ చట్టం వచ్చింది. డబ్బు మాత్రం అంత తొందరగా రాలేదు. 1974లో టెనెసీ విశ్వవిద్యాలయం జట్టు పగ్గాలు పట్టిన ఇరవై రెండేళ్ల పాట్ సమ్మిట్ జీతం నెలకు 250 డాలర్లు. జట్టు బట్టలు ఉతకడం, వ్యాన్ నడపడం కూడా ఆమె పనే. ఆమే తర్వాత 1,098 విజయాలు సాధించారు.

డెల్టా స్టేట్ 1973లో జట్టును మళ్లీ నిలబెట్టింది. కోచ్‌గా మార్గరెట్ వేడ్‌నే పిలిచారు. అప్పటికి ఆమెకు అరవై. లూసియా హారిస్ లాంటి క్రీడాకారిణితో 1975, 76, 77 సంవత్సరాల్లో వరుసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిపించారు.

బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్నది ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. అందులోకి ఆడవాళ్లను మొట్టమొదట చేర్చుకున్నది 1985లో. అలా చేరిన ముగ్గురిలో ఒకరు గీతలు గీసిన బెరెన్సన్. ఇంకొకరు బట్టలు తగలబెట్టిన వేడ్.